విడుదల కాని లాక్

మెదక్‌లోని అద్దె గదిలో ఆ రాత్రి సిద్రా ఒక్కతే కూర్చుని, ఆపరేటింగ్ సిస్టమ్ లోపల జరిగేదంతా నమోదు చేసే కోడ్‌ను పరీక్షిస్తోంది. ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, దేనికైనా లాక్ వేస్తే, అది తీసేదాకా మిగతావి ఆగాలి. నిరుడు తను రాసిన కోడ్‌లో ఒక లాక్ తీయడం మరిచింది. కంపెనీ సర్వర్లు ఆగిపోయాయి. నింద మాత్రం ఆ కోడ్‌ను సరిచూసిన తోటి ఉద్యోగి యాదగిరి మీద పడి, అతని ఉద్యోగం పోయింది. తప్పు తనదేనని సిద్రా ఎవరికీ చెప్పలేదు.

తెరపై హెచ్చరిక వచ్చింది. లాక్ విడుదల కాలేదు. దాన్ని పట్టుకున్న ప్రాసెస్ పేరు యాదగిరి.

ఆ పేరుతో ఆమె సిస్టమ్‌లో ఏ ప్రోగ్రామూ లేదు. నెట్ తీసేసి మళ్లీ నడిపింది. అదే పేరు. ఫ్యాన్ చప్పుడు తప్ప గదిలో ఏమీ వినిపించడం లేదు.

ఫోన్ చేసింది.

"యాదగిరన్నా, నా సిస్టమ్‌ల నీ ప్రోగ్రామ్ ఏమన్న ఉందా?"

"కంప్యూటర్ ముట్టక ఏడాదాయె చెల్లె. నర్సాపూర్‌ల ఆటో నడుపుతున్న. ఆనాడు ఆ కోడ్ జర మంచిగ చూస్తే ఇట్ల గాకపోవు. తప్పు నాదే."

సిగ్గుతో ఆమె తల వాలిపోయింది. నిజం గొంతు దాకా వచ్చింది.

"ఏం లేదన్నా," అని ఫోన్ పెట్టేసింది.

తలెత్తేసరికి తెరపై ఇంకో వరుస ఉంది. ఆ లాక్ ఎప్పుడు విడుదలవుతుందా అని ఎదురుచూస్తూ ఆగిపోయిన ప్రాసెస్ పేరు సిద్రా.