పదికి పది

"గుండీలు కావలసినవాళ్లు గుండీలు అని వెతుకుతారు బాబాయ్‌గారూ. మీ అమ్మాయి పేరు కొట్టి వెతుకుతారా ఎక్కడైనా?"

సైటమ్మ ఈ మాట అనడం అది నాలుగోసారి. చిన్న చిన్న షాపులకి వెబ్‌సైట్లు చేసిపెట్టడం ఆమె పని. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, బజారంతటికీ ఆమె సైటమ్మే.

గుండీల షాపాయన వింటేనా! షాపు తెరిచిన నెలలోనే పుట్టిందని అప్పట్లో బోర్డు మీద కూతురి పేరు రాయించాడు. ఇప్పుడు సైటుకీ అదే కావాలన్నాడు. పైగా ఇంటిపేరుతో సహా.

సైటమ్మ రెండు రోజులు కూర్చుని కీవర్డులు రాసుకొచ్చింది. అంటే, జనం సెర్చ్‌లో కొట్టే మాటలు. చొక్కా గుండీలు, కోటు గుండీలు, చెక్క గుండీలు, హోల్‌సేల్ గుండీలు. ఒక్కో మాటకి ఒక్కో పేజీ. ఆయన కళ్లజోడు సర్దుకుని, పెన్ను తీసి, ప్రతిదాని ముందూ కూతురి పేరు తగిలించాడు. కింద ఇంకో రెండు సొంతంగా రాశాడు. అదే పేరు, ఫొటోలు. అదే పేరు, వీడియోలు.

"గుండీలకి వీడియోలేమిటండీ, నా తలకాయ!"

"కుట్టడం చూపిద్దాం తల్లీ. నేను కుడతాను, నువ్వు తియ్యి."

ఈయనతో వేగడం తన వల్ల కాదనుకుంది సైటమ్మ. "పోనీ, మీ అమ్మాయి ఫొటో అయినా పెడదాం. మనిషి ముఖం కనిపిస్తే కొనేవాళ్లకి నమ్మకం."

లోపలి గదిలో కూతురు గుండీల్ని సైజులవారీగా డబ్బాల్లో పోస్తోంది. "నాది వద్దక్కా. గుండీలవి పెట్టండి చాలు," అంది తలెత్తకుండా.

"అసలు ఇంత తొందరేమిటి బాబాయ్‌గారూ?"

"బళ్లు తెరిచే రోజు అమ్మాయి ఉద్యోగంలో చేరుతోంది. లెక్కల టీచరు. రెండేళ్లు ఈ డబ్బాల మధ్యే కూర్చుంది, ఇన్నాళ్లకి కదిలింది. పిల్లలు ఊరుకుంటారా? కొత్త టీచరు వచ్చిందంటే పేరు కొట్టి చూస్తారు. చూస్తే మన షాపే కనపడాలి. ఆరువందల మంది పిల్లలు, చొక్కాకి ఏడు గుండీలు. లెక్కేసుకో మరి!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు సైటమ్మకి. ఇంటికెళ్లాక ఆ పేరూ ఇంటిపేరూ కలిపి తనే ఒకసారి సెర్చ్ కొట్టింది.

మర్నాటి నుంచి వాదించడం మానేసింది. విసిగిపోయి ఉంటుంది పాపం, అనుకున్నాడాయన.

ఇక పనే పని. పేజీ మీద పేజీ. మ్యాపుల్లో, డైరెక్టరీల్లో, ఫొటోల సైట్లలో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఆ పేరు మీద గుండీలు. ఆయన కుడుతుంటే తొమ్మిది వీడియోలు తీసింది. సూదిలో దారం ఎక్కక ఆయన కళ్లు నులుముకున్నది కూడా కత్తిరించకుండా పెట్టేసింది. మిగతా షాపులవాళ్లు ఫోన్లు చేసి తిట్టారు. రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చింది. మెడ పట్టేసింది. వేళ్లు తిమ్మిరెక్కాయి.

అమ్మకాలా? ఒక్క గుండీ ఎక్కువ పోలేదు. ఆయన వాటి ఊసే ఎత్తలేదు. రోజూ ఒకటే ప్రశ్న.

"సెర్చ్ కొడితే మొదటి పేజీలో పదింటికి మనవి ఎన్నమ్మా?"

"మూడు."

తర్వాత అయిదు. ఏడు. తొమ్మిది దగ్గర బండి ఆగిపోయింది. మిగిలిన ఆ ఒక్కటీ పైనుంచి కిందికి జారింది గానీ పేజీ వదల్లేదు. అదేమిటని ఆయన అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

"తొమ్మిది..." అన్నాడు ఒకరోజు నీరసంగా.

"చాలదు," అంది సైటమ్మ. 

బళ్లు రేపు తెరుస్తారనగా, మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని షాపుకొచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. గల్లా మీద పెట్టి ఆ పేరు కొట్టింది. ఆయన వేలు పెట్టి లెక్కపెట్టాడు. తెల్ల గుండీలు, కోటు గుండీలు, చొక్కాకి గుండీ కుట్టడం ఎలా. నమ్మకం కుదరక మళ్లీ కిందినుంచి పైకి లెక్కపెట్టాడు. పదికి పది.

అలాగే స్టూలు మీద కూలబడ్డాడు. లోపల కూతురు రేపటి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది.

"పక్క పేజీ ఎవరైనా తిప్పుతారంటావా తల్లీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరికండీ అంత ఓపిక," అని సైటమ్మ లాప్‌టాప్ మూసేసింది.

రెండో పేజీలో అన్నిటికంటే పైన, ఆ అమ్మాయికి తెలియకుండా ఎవడో తీసి, ఇంటిపేరుతో సహా పేరు రాసి ఎక్కించిన, రెండేళ్లుగా ఎంతమంది కాళ్లు పట్టుకున్నా ఎవరూ తీసెయ్యని ఆమె వీడియో ఉంది.