సమోవార్ మీద పేరు

కోకంద్‌లో నికెల్ పూత వేసే తుర్గున్ ముందు ఒకావిడ టీ కాచే పాత ఇత్తడి సమోవార్ దించింది. "రేపు మా అమ్మాయిని చూడ్డానికి వస్తున్నారు. అద్దంలా మెరవాలి, తమ్ముడూ."

దాని పొట్ట మీద చెక్కిన మాటలు తుర్గున్ చదివాడు: "సనోబర్‌కు, ప్రేమతో యోద్గార్."

"పూతకు ముందు సానపట్టాలి, సనోబర్ అక్కా. ఈ అక్షరాలు అరిగిపోతాయి."

"పోతే పోనీ."

"మీ ఆయన ఊరుకుంటారా?"

"ఆయనకు చత్వారం. నువ్వు కానియ్."

అంత ప్రేమను చెరపడానికి తుర్గున్‌కు చేయి రాలేదు. అక్షరాలను వదిలి మిగతాదంతా సానపట్టాడు. వాటికి పూత అంటకుండా లక్క పూసి, సమోవార్‌ను నికెల్ ద్రావణమున్న తొట్టెలో వేలాడదీసి కరెంటు పెట్టాడు. తర్వాత లక్క గీకేసి, అక్షరాలను గుడ్డతో రుద్దాడు. వెండిలాంటి తెలుపు మధ్య ఆ పేరు బంగారంలా పచ్చగా మెరిసింది.

సాయంత్రం ఆమె వచ్చి దానికేసి చూసింది.

"సంతోషమేనా, సనోబర్ అక్కా?"

"నా పేరు ఓగిలోయ్. సనోబర్ ఆయన మొదటి పెళ్లాం." ఆమె నవ్వాపుకోలేక బల్ల పట్టుకుంది. "ఇన్నాళ్లూ టీ పోసే నాకొక్కదానికే కనిపించేది. రేపు పెళ్లివారు గుమ్మంలోంచే చదువుతారు."