గుమ్మంలో ఎర్ర పాలిష్ వాసన

చలికాలపు సెలవులకు రోమా అనే కొండ ఊళ్లోని విశ్వవిద్యాలయం ఖాళీ అయింది. ఆడపిల్లల హాస్టల్లో మిగిలింది పులెంగ్, రెఫీలోవే ఇద్దరే. కరెంటు పోయింది. కిరసనాయిలు హీటరు దగ్గర ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నారు.

వరండాలో బ్రష్షుతో నేల రుద్దుతున్న చప్పుడు మొదలైంది. తలుపు సందులోంచి ఎర్ర పాలిష్ వాసన వచ్చింది.

"ఈ చీకట్లో నేల మెరిపించి ఎవరికి చూపిస్తారట?" అంటూ నవ్వబోయి రెఫీలోవే, పులెంగ్ మొహం చూసి ఆగిపోయింది.

ఆ వాసనకు పులెంగ్ తలుపు వైపు తిరిగింది. వాళ్లమ్మ ఇరవై ఏళ్లు ఈ నేలే తోమింది. చిన్నప్పుడు శుక్రవారాల్లో తనను మెట్ల మీద కూర్చోబెట్టి, "ఈ గదుల్లో ఒకటి నీదవుతుంది, చూస్తూండవే!" అనేది. గది దొరికింది. ఈస్టరు వెళ్లగానే అమ్మను కొండవాలున మట్టి చేశారు.

రెఫీలోవే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు మాత్రం పలక్కు. పోయినవాళ్లకు బదులిస్తే ఇక తిరిగి వెళ్లరని మా అమ్మమ్మ చెప్పేది."

చప్పుడు సరిగ్గా వాళ్ల తలుపు ముందు ఆగింది.

"కో-కో," అంది ఒక గొంతు మెల్లగా.

అక్కడ గుమ్మంలోకి వచ్చినవాళ్లు అలాగే పిలుస్తారు. దానికి బదులివ్వకపోతే మొహాన ఉమ్మినంత అవమానం. పులెంగ్ ఆలోచించనే లేదు. పెంపకం అలాంటిది.

"లోపలికి రండి," అనేసింది.

రెఫీలోవే ఆమె నోరు మూసేసరికే ఆలస్యమైంది. అవతల బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది.

పులెంగ్ పక్కకు జరిగి, దుప్పటిలో ఇంకొకరికి చోటు చేసింది.