వెండిరంగు చక్రాలు

“అవి వద్దు,” అన్నాడు హాగా, ముచ్చటగా మూడోసారి.

అయినా చినెన్ ఆ చక్రాల మీద నుంచి చెయ్యి తియ్యలేదు. పంతొమ్మిది అంగుళాలవి, వెండిరంగు, సన్నటి ఊచలు. అతని నీలం స్పోర్ట్స్ సెడాన్ జాకీల మీద లేచి ఉంది. దానికి ఇవి తగిలిస్తే వీధిలో జనం ఆగి చూస్తారు, అందులో అబద్ధం లేదు.

చినెన్ దక్షిణాన వెచ్చటి ఒకినావా మనిషి. వసంతంలో ఉద్యోగం మారి ఉత్తరాన అసహికావా వచ్చాడు. మంచు అంటే ఫ్రిజ్‌లో గడ్డకట్టేదే అతనికి తెలుసు. మంచు పడటం మొదలయ్యాక చలికాలపు టైర్లు వేయిద్దాంలే అన్నాడట. ఆ మాట వినగానే హాగా తల పట్టుకున్నాడు. మంచుకు ముందొచ్చే తెల్లపురుగులు అప్పుడే గాల్లో తేలుతున్నాయి, నాలుగు రోజుల్లో మంచు ఖాయం, అప్పుడు ఊరు ఊరంతా టైర్ల కొట్ల ముందే నిలబడుతుంది అని చెప్పి, ఈ శనివారం పట్టుబట్టి లాక్కొచ్చాడు.

కొట్టు నడిపే తొగాషి అరవై దాటిన మనిషి. నోరు ఊరుకోదు. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇంతకీ కారు ఎవరిదని అడిగింది. తనదేనన్నాడు చినెన్.

“మరి గొడవంతా ఈయన పడుతున్నాడేం? బావాబామ్మర్దులా?”

“అలాంటిదే లెండి,” అన్నాడు హాగా.

చినెన్ తల వంచుకున్నాడు. ఆడపిల్లనిచ్చిన వాళ్లకు ఆ మాత్రం భయం ఉంటుందిలే అని నవ్వుకుంటూ తొగాషి లోపలికెళ్లి పదిహేడు అంగుళాల చక్రాలు దొర్లించుకొచ్చింది. బూడిదరంగు. లావుపాటి ఊచలు. హాగా కోరిన టైర్లు వాటికి సన్నగా, ఎత్తుగా ఉంటాయి. ఇంతకంటే చిన్న చక్రాలు ఆ కారుకు పట్టవు, ముందు బ్రేకులు పెద్దవి. వీటికీ బ్రేకుకూ మధ్య వేలు దూరేంత సందే ఉంది.

“సూటు తొడుక్కుని రబ్బరు చెప్పులేసుకున్నట్టుంటుంది,” అంది తొగాషి తనే.

“జారకపోతే చాలు,” అన్నాడు హాగా.

చినెన్ మొహం చిన్నబోయింది. కాసేపటికి మెల్లగా అసలు సంగతి బయటపెట్టాడు. “ఈ వెండివాటి ఫొటో షియోరికి చూపించానండీ. బాగున్నాయంది. పాప నాతో మాట్లాడటమే తక్కువ. తనంతట తను ఒక మాటంది కదా, మరి...”

హాగా గొంతులో మొండితనం తగ్గింది. తొమ్మిదేళ్ల పిల్లలు అంతేనన్నాడు. కానీ ఆ పిల్ల వెళ్లే చేతిరాత బడి గుట్ట మీద ఉంది. చలికాలమంతా కారులో దింపి తీసుకురావాలి. పై మలుపులో పొద్దంతా నీడే. వచ్చే పోయే కార్లు అక్కడి మంచును నున్నగా అద్దంలా రుద్ది పెడతాయి. ఆ మలుపు మాట చెప్పేటప్పుడు అతను వెండి చక్రాల వైపు చూడనైనా లేదు.

“నా దగ్గరా ఇలాంటి కారే ఉండేది, చినెన్ గారూ. అందంగా ఉంటాయని వెడల్పు టైర్లే వేయించాను. ఒకరోజు జారి కాలవలోకి దిగింది. ఎవరికీ ఏం కాలేదు.”

“ఏం కాకపోతే మరింకేం?” అంది తొగాషి.

“వెనక సీట్లో మా పాప ఉంది. ఏడవలేదండీ. ఇంటికి చేరేదాకా నోరే తెరవలేదు. ఆ రోజు నుంచీ మా ఆవిడ నా కారెక్కలేదు.”

చినెన్ వెండి చక్రాలను వదిలి వచ్చి, బూడిదరంగువి బిగించెయ్యమన్నాడు.

హాగా అంతటితో వదిల్తేనా! ప్రతి టైరు మీదా తయారైన ఏడాది వేలితో తడిమి చూశాడు. ఒకటి నిరుటిదని తేలితే వెనక్కి తోసేశాడు. రబ్బరు గట్టిపడి ఉంటుందట. పిల్లనిచ్చే ముందు పెళ్లికొడుకు పళ్లు లెక్కపెట్టే మామలాగున్నావని తొగాషి సణిగింది గానీ, లోపలికెళ్లి కొత్తది తెచ్చింది. బిగింపు అయ్యేలోపు ఇద్దరికీ మొక్కజొన్న సూపు వేడి డబ్బాలు ఇచ్చింది.

డబ్బా చేతుల్లో తిప్పుతూ చినెన్ అన్నాడు, “నెలకు షియోరితో మీకున్నది ఈ ఒక్క శనివారమే. సగం ఇక్కడే గడిచిపోయింది.”

“దీనికి కాకపోతే ఇంకెందుకండీ ఆ శనివారం,” అన్నాడు హాగా.

షియోరి బడి వదిలే వేళయింది. కొత్త టైర్లు కదా, కొన్నాళ్లు నెమ్మదిగా నడపమని తొగాషి గుమ్మంలోంచి హెచ్చరించింది. చినెన్ హాగా కోసం ముందు తలుపు తెరిచాడు. హాగా మాత్రం వెళ్లి వెనక, ఎడమవైపు కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. కారు జారబోయే సంగతి వెనక కూర్చున్నవాళ్లకే ముందు తెలుస్తుందన్నాడు.

గుట్ట ఎక్కేంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నాడు. పై మలుపు దగ్గర మాత్రం, కళ్లు తెరవకుండానే, “వేగం ఇక్కడే తగ్గించండి. మలుపులోకి దిగాక బ్రేకు జోలికి పోవద్దు. ఎంత ఆలస్యమైనా సరే,” అన్నాడు.

“అలాగేనండీ. మాటిస్తున్నాను,” అన్నాడు చినెన్.

కారు బడి గుమ్మానికి ఎదురుగా ఆగింది. ఇద్దరూ దిగి, బడికి వీపు పెట్టి ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నారు. హాగా టైరు గాడుల్లో వేలు పెట్టి చూపిస్తుంటే చినెన్ శ్రద్ధగా తలూపుతున్నాడు. వెనక బడి తలుపు జరిగిన చప్పుడైంది. వేళ్లకు సిరా మరకలతో షియోరి పరిగెత్తుకొచ్చింది.

“నాన్నా!”

ఇద్దరూ ఒక్కసారే తిరిగి చూశారు.