ఆరని నీలం

పాతకాలపు పటాలంటే, అంటే ఊళ్ల మ్యాపులంటే, తిరుమలరావుకు ప్రాణం. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసి, చేత్తో రంగులద్దినవైతేనే కొంటాడు. వాటి విలువ ఈ దీవుల్లో తనకు తప్ప ఎవడికీ తెలియదని అతని నమ్మకం. బ్రిటిష్‌వాళ్ల నాటి పోర్ట్ బ్లెయిర్ పటాన్ని పాత లుంగీలో చుట్టి తెచ్చి అమ్మిన కావేరి అతని కంటికి వట్టి మొద్దు.

ఆ రాత్రి అదే ఊళ్లోని డిగ్నాబాద్‌ పేటలో, గుట్ట మీది ఇంటి పైవాటాలో ఒంటరిగా ఆ పటాన్ని బల్లమీద పరిచాడు. సముద్రాన్ని తడిమితే వేలికి నీలం అంటుకుంది. వెంటనే కావేరికి ఫోన్ చేశాడు.

"మొన్న రంగేసి నాకు అంటగడతావా? నేను టూరిస్టులా కనిపించానా?"

"మేం రంగెయ్యనేదు భయ్యా," అంది కావేరి. "అది దానంతటదే పాకుతాది. ఎందాకా వచ్చింది?"

"ఈ కథలు బజార్లో చెప్పుకో."

నవ్వుతూనే భూతద్దం పెట్టి చూశాడు. ఒడ్డు గీత నీలంలో మునిగిపోయింది. ఊళ్లో బజారున్న అబర్డీన్ పేరు కనబడలేదు. తన గుట్ట సగమే మిగిలింది.

"భయ్యా, ఇంట్లోనే ఉన్నారేటి?" ఫోన్‌లో కావేరి ఇంకా అడుగుతోంది.

బయట కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కింది మెట్టును నీళ్లు తడుతున్న చప్పుడు వినిపించింది. కింది వాటాలో ఎవడో దద్దమ్మ కొళాయి కట్టెయ్యలేదనుకున్నాడు.

చప్పుడు ఒక మెట్టు పైకి వచ్చింది.