డాలియా దుంపలు

"ఎవరండీ మీరు? ఆపండి!"

యుస్తినా కేకకి ముసలాయన తవ్వడం ఆపి తలెత్తాడు.

తొరూన్ ఊరి శివార్లలో, రైలుకట్ట పక్కనున్న చిన్న తోటల వరుసలో అది ఆమె మేనత్త హాలినా తోట. అత్తయ్య పోయాక యుస్తినా చేతికొచ్చింది.

తొలి మంచుకి డాలియా పూలమొక్కలన్నీ నల్లబడి వేలాడుతున్నాయి. ముసలాయన వాటిని మొదలంటా కోసి, దుంపలు తవ్వి గోనెలో వేసుకుంటున్నాడు.

"భయపడకమ్మా. ఏటా నేనే తవ్వుతాను. హాలినాకి తెలుసు."

"ఏం తెలుసు? అత్తయ్య ఆగస్టులో చనిపోయింది."

ఆయన చేతిలోంచి పార జారింది. తడి మట్టిలోనే కూలబడ్డాడు.



"ఇప్పుడెక్కడుంది?" అన్నాడు నేలకేసి చూస్తూ.

"ఏది? ఇంటి తాళమా? మీకెందుకు చెప్పాలి?"

ఆయన అర్థం కానట్టు చూశాడు. ఆమెకీ ఏమీ అర్థం కాలేదు.

"పోలీసుల్ని పిలవమంటారా?"

ముసలాయన మెల్లగా లేచాడు. గోనె అక్కడే వదిలేశాడు. పార కూడా వదిలేశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

దొంగైతే తన పార ఎందుకు వదిలేస్తాడు? పిచ్చివాడైతే ఒక్కో దుంపకీ అంత జాగ్రత్తగా మట్టి ఎందుకు దులుపుతాడు?

ఎంత ఆలోచించినా యుస్తినాకి తేలలేదు.

'అత్తయ్య పూలు అత్తయ్య నేలలోనే ఉండనీ' అనుకుని, దుంపలన్నీ తిరిగి గుంటల్లో పెట్టి మట్టి కప్పేసింది.

జూన్ వచ్చింది. చుట్టూ తోటలన్నీ పచ్చబడ్డాయి. ఆ మడిలో మాత్రం ఒక్క మొలక లేదు.

తవ్వి చూసింది. నల్లగా, జిగటగా, కుళ్ళిన ముద్ద.

పక్కతోట లియొకాడియా కిందటి సెప్టెంబర్ నుంచీ కూతురి దగ్గరే ఉండి, అప్పుడే తిరిగొచ్చింది. కంచె మీంచి తొంగిచూసి ముక్కు మూసుకుంది.

"అయ్యో పిల్లా! డాలియాల్ని చలికాలం నేలలోనే వదిలేశావా? గడ్డకట్టి చస్తాయే! తవ్వి నేలమాళిగలో దాచుకోవాలి. తవ్వడానికి జెనోన్ రాలేదా?"

"ఒక ముసలాయన వచ్చాడండీ. దొంగనుకుని తరిమేశాను. ఆయన ఇల్లెక్కడో చెప్పండి, వెళ్ళి క్షమాపణ అడుగుతాను."

"ఇంకెక్కడి ఇల్లే! జనవరిలో పోయాడుగా."

యుస్తినా కంచె పట్టుకుని నిలబడిపోయింది.

"మీ అత్తకి ఎన్నిసార్లు చెప్పానో!" లియొకాడియా తన ధోరణిలో తాను అంటోంది. "పియోనీలు వేసుకోవే, ఒక్కసారి నాటితే చాలు, మంచుకీ చావవు, ఏళ్ళ తరబడి వాటంతటవే పూస్తాయి, ఏటా ఈ తవ్వుడూ దాచుడూ ఉండదని. విన్నదా? నవ్వి ఊరుకునేది."

"ఎందుకు వినలేదు?"

లియొకాడియా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"పియోనీలు వేస్తే, దుంపలు తవ్వడానికోసారీ నాటడానికోసారీ వచ్చి, ఆమె చేతి టీ తాగి వెళ్ళడానికి సాకేముంటుందే, నువ్వు పుట్టకముందే విడాకులైపోయిన మొగుడికి?"