సూది పోట్లు

జోస్నా వేళ్ల కొసల మీద సూది పోట్లు చూసినప్పటి నుంచి తల్లి రెబెక్కకు అనుమానం పట్టుకుంది. స్పోర్ట్స్ ఫిజియాలజీ చదువులో అవి మామూలేనని కూతురు చెప్పినా నమ్మలేదు. ఆ సాయంత్రం ఎల్బీ నగర్ గ్రౌండు దాకా చాటుగా వెంబడించింది.

అక్కడ జోస్నా ఒక రన్నరు వేలికి సూది గుచ్చుతోంది. రెబెక్క గబుక్కున కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఏందే ఇది? ఏం మందెక్కిస్తున్నవ్?"

"మందు కాదమ్మా. ఉరికినంక ఒళ్లు ఎంత అలిసిందో ఒక్క రక్తం చుక్క చెప్తది. చెయ్యి వణికితే కొలువియ్యరు. అందుకే ముందు నా వేళ్ల మీద నేర్చుకున్న. అవును, నువ్వెట్లొచ్చినవ్?"

"ఇటు పనుండి బస్సుల వచ్చిన."

"ఏదీ, నీ వేలియ్యి."

తల్లి వేలికి సూది గుచ్చి, రక్తం చుక్కను కొలిచే చిన్న మిషన్‌లో అంకె చూసి జోస్నా తలెత్తింది.

"బస్సుల రాలేదమ్మా. ఉరికొచ్చినవ్."

రెబెక్క తల దించుకుంది.

"మెట్రో కాడ నువ్వు ఆటో ఎక్కినవ్ బిడ్డా. నాకు దక్కకుండ పోతవేమోనని ఉరికిన."